మూడో ఆదివారం చదివిన పేరు

వాషింగ్టన్ చూడాలనుకునేవాళ్ళు మామూలుగా చెర్రీ పూల కాలంలో వెళ్తారు. నేను వెళ్ళింది ఆకులు రాలడం మొదలైన రోజుల్లో. ఊరంతా, ఆ మాటకొస్తే దేశమంతా, ఒకే మనిషి గురించి మాట్లాడుకుంటున్న వారం అది. సుప్రీం కోర్టు న్యాయమూర్తి పదవికి ఒకాయన పేరు ప్రతిపాదించారు. చాలా ఏళ్ళ కిందట ఆయన దగ్గర పనిచేసిన ఒకావిడ ముందుకొచ్చి, ఆయన తనతో తప్పుగా ప్రవర్తించాడని చెప్పింది. ఆయన లేదన్నాడు. సెనేట్ కమిటీ ఇద్దరినీ పిలిచి, కెమెరాల ముందు కూర్చోబెట్టి ప్రశ్నలడిగింది. ఇక ఓటు వేయడమే మిగిలింది.

నేను ఇందుకోసం వెళ్ళలేదు. వర్జీనియాలోని షాంటిలీలో మా పిన్ని కూతురు మణి ఉంటుంది. వాళ్ళ తెలుగు చర్చిలో రత్నరాజు గారిని సంఘపెద్దగా నియమిస్తున్నారు. ఆయన మావారికి గుంటూరు కాలేజీ హాస్టల్లో రూమ్మేటు. జనవరిలో మావారు పోయినప్పుడు దొరికిన మొదటి విమానం ఎక్కి కాలిఫోర్నియాలోని మా ఊరు ఫ్రీమాంట్ వచ్చారు. పదకొండు రోజులు మా ఇంట్లో ఉండి, శవపేటిక ఎంచడం దగ్గర్నుంచి వచ్చినవాళ్ళకి భోజనాల దాకా అన్నీ చూసుకున్నారు. "వదినా, ఆ రోజు మీరొచ్చి నా గురించి రెండు మాటలు చెప్పాలి" అని ఇప్పుడు ఫోన్ చేస్తే, కాదనడానికి నాకు కారణం కనబడలేదు. ఎనిమిది నెలలుగా నేను పనిచేసే లైబ్రరీకీ ఇంటికీ తప్ప ఎక్కడికీ కదలలేదు. టికెట్ కొన్నాను.

విమానంలో

నా పక్కన శాన్ రామన్‌లో ఉండే దంపతులు కూర్చున్నారు. కరీంనగర్ వైపు వాళ్ళు. నలభై ఏళ్ళుంటాయి. విమానంలో ఎవరి సీటు ముందున్న తెర మీద చూసినా అదే న్యాయమూర్తి మొహం. ఒక్క చిన్నపిల్ల మాత్రం కార్టూన్లు చూస్తోంది. ఆ పిల్ల మీద అందరికీ అసూయగా ఉన్నట్టుంది.

"చూడున్రి ఆంటీ," అన్నాడాయన, తెర వైపు వేలు పెట్టి. "ఇన్నేండ్ల సంది ఏం జేసిందామె? ఇప్పుడే యాదికొచ్చిందా? టైమింగ్ చూడున్రి."

కిటికీ దగ్గర కూర్చున్న ఆయన భార్య చెవిలోని ఇయర్‌ఫోన్ తీసింది. "నీకు పోయినేడు ప్రమోషన్ రాలే. నాకెప్పుడు చెప్పినవ్?"

"అదీ ఇదీ ఒకటేనా?"

"ఎప్పుడు చెప్పినవ్?"

ఆయన కొంచెం ఆలోచించి, "దసరాకు" అన్నాడు.

"ఏప్రిల్ల రాలే. దసరాకు చెప్పిండు ఆంటీ. అది గూడ మా తమ్ముడు అడిగితే."

"నేను ఆమెది అబద్ధమంటలేను. ప్రూఫ్ ఉండాలె గద?"

"నీ ప్రమోషన్‌కు నేను ప్రూఫ్ అడిగిన్నా?"

నేను పైకే నవ్వాను. ఆయన కూడా నవ్వి, ఓటమి ఒప్పుకున్నట్టు సంచిలోంచి సకినాల డబ్బా తీసి నా ముందు పెట్టాడు. వాళ్ళమ్మ పంపించినవట. విమానం వాళ్ళు తొమ్మిది డాలర్లకి అమ్మే చీజ్ బిస్కెట్ల పెట్టె వైపు ఇక మేము ముగ్గురం చూడలేదు. అయితే నిజం చెప్పాలంటే, ఇన్నేళ్ళు ఎందుకు ఊరుకుంది అన్న ఆయన ప్రశ్న నాకు సబబుగానే అనిపించింది. నేనూ ఆ వారమంతా అదే అనుకుంటూ ఉన్నాను.

షాంటిలీ

షాంటిలీలో మణి మొదట తీసుకెళ్ళింది ఇంటికి కాదు, ఇండియన్ స్టోరుకి. ఆదివారం ప్రేమవిందుకి గోంగూర కావాలి. చర్చిలో ఆరాధన అయ్యాక అందరూ కలిసి తినే భోజనానికి మావాళ్ళలో ఆ పేరు. గోంగూర కట్ట రెండు డాలర్లు. మా ఫ్రీమాంట్‌లో అంతకంటే చిన్న కట్ట మూడు డాలర్లు. ఈ మాట అన్నందుకు మణి పొంగిపోయి ఎనిమిది కట్టలు కొంది. బిల్లు కడుతుంటే కౌంటర్ దగ్గర ఇద్దరు కుర్రాళ్ళు ఓట్లు ఎన్ని ఎటు పడతాయో లెక్కలు వేస్తున్నారు, క్రికెట్ మ్యాచి గురించి మాట్లాడుకున్నట్టు.

మణి కూతురు దీవెనకి ఇరవై ఆరేళ్ళు. అమెరికాలోనే పుట్టింది. ఒక ఆఫీసులో లెక్కల విశ్లేషణ పని చేస్తుంది. ఆదివారాలు చర్చిలో వెనక బల్ల దగ్గర కూర్చుని, పాటల చరణాలు తెర మీద వేసే ప్రొజెక్టర్ చూసుకుంటుంది. నన్ను పెద్దమ్మా అని పిలుస్తుంది. చిన్నప్పుడు బాగా పాడేది. ఇప్పుడు పాడటంలేదేమని అడిగితే భుజాలెగరేసింది.

ఇక్కడ ఒక ఆచారం గురించి చెప్పాలి. మా చర్చిల్లో పెళ్ళి అయినా, సంఘపెద్ద నియామకమైనా, ఆ పేరు వరసగా మూడు ఆదివారాలు చదువుతారు. చదివి, "ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే తెలియజేయవచ్చు" అంటారు. తర్వాత ఒక నిశ్శబ్దం. మా రేపల్లె చర్చిలో ఆ నిశ్శబ్దం అయ్యగారు, అంటే మా పాస్టరు, కళ్ళజోడు సర్దుకునేంతసేపు ఉండేది. అది ప్రశ్న అన్న సంగతి నాకు చిన్నప్పుడు తెలియదు. ప్రార్థనలో ఒక భాగమనుకున్నాను. ఒకసారి పెళ్ళి ప్రకటనప్పుడు ఎవరో దగ్గితే చర్చంతా వెనక్కి తిరిగి చూసింది. ఆ దగ్గినాయన ప్రకటన ఉన్న ఆదివారాలు మళ్ళీ చర్చికి రాలేదు. నాకు తెలిసి ఎవరూ ఎప్పుడూ అభ్యంతరం చెప్పలేదు.

"రెండు వారాలు చదివేశారక్కా," అంది మణి, గోంగూర ఆకులు తుంచుతూ. "ఈ వారం చదివేసి, నువ్వు రెండు మాటలు చెప్పేస్తే, ప్రార్థన, భోజనాలు. అంతే."

దీవెన తన కంచం తీసి సింకులో పెట్టింది. "పెద్దమ్మా, రేపు నేను డీసీ వెళ్తున్నా. కోర్ట్ ముందు పీపుల్ గ్యాదర్ అవుతున్నారు. మీరు వస్తారా?"

"పెద్దమ్మకి మ్యూజియం చూపించవే. మోకాళ్ళ నొప్పులావిడకి ధర్నాలెందుకు?"

"మ్యూజియం దగ్గరే మమ్మీ. రెండూ చూస్తాం."

మణి గోంగూర మీద కోపం చూపించింది.

కోర్టు మెట్ల ముందు

మ్యూజియం చూడలేదు. దాని ముందు నుంచి నడిచి వెళ్ళాం.

సుప్రీం కోర్టు తెల్లటి రాతి కట్టడం, ముందు ఎత్తైన మెట్లు. మెట్ల మీదికి ఎవర్నీ రానివ్వడం లేదు. కింద రోడ్డు మీద రెండు గుంపులు. ఒక గుంపు ఆవిడ మాట నమ్మాలంటుంది, రెండోది ఆయన పరువు తీశారంటుంది. మధ్యలో సైకిళ్ళతో పోలీసులు. రెండు గుంపుల దగ్గరా డప్పులున్నాయి. కాసేపటికి ఇద్దరి తాళమూ కలిసిపోయి, ఎవరు ఏ నినాదం ఇస్తున్నారో తెలియకుండా పోయింది. ఒక పోలీసు బూటుతో తాళం వేస్తున్నాడు.

మన దగ్గర జడ్జీల నియామకం ఇలా ఉండదు. ఒకరోజు పొద్దున పేపర్లో ఫోటో పడుతుంది, ఫలానా ఆయన ప్రమాణం చేశారని. మా నాన్న మున్సిఫ్ కోర్టులో గుమాస్తా. కొత్త జడ్జి ఎలాంటివాడో ఆయనకి తెలిసే మొదటి ఆధారం ఆ జడ్జి తెచ్చుకునే టిఫిన్ క్యారియర్. ఇక్కడ ఆ మనిషి పాత డైరీలు కూడా టీవీలో చదువుతున్నారు. ఏది మేలో నేను చెప్పలేను.

ఒకతను మెడలో అట్ట వేలాడదీసుకుని బ్యాడ్జీలు అమ్ముతున్నాడు. ఒకటి మూడు డాలర్లు, రెండైతే ఐదు. అట్టకి ఎడమవైపు ఆవిడ పక్షం బ్యాడ్జీలు, కుడివైపు ఆయన పక్షం. ఏవి ఎక్కువ పోతున్నాయని అడిగాను.

"పొద్దున ఎడమవి, భోజనాలయ్యాక కుడివి" అన్నాడు. "అటూ ఇటూ కలిపి కొన్నది మాత్రం ఒక్కరే. జపాన్ నుంచి వచ్చినాయన."

మా పక్కన ఒహాయో నుంచి వచ్చిన తల్లీ కూతుళ్ళు నిలబడ్డారు. కూతురు స్కూలు టీచరు, నా వయసే. తల్లికి ఎనభై దగ్గర పడుతుంటాయి, మడత కుర్చీలో కూర్చుంది. కూతురి చొక్కాకి ఎడమవైపు బ్యాడ్జీ, తల్లి టోపీకి కుడివైపు బ్యాడ్జీ.

"మా అమ్మ ఆ గుంపులో ఉండాలి," అంది టీచరు. "కానీ ఈ చెట్టు నీడ ఈ గుంపులో ఉంది."

"నీడకి పార్టీ లేదు" అంది తల్లి, శాండ్‌విచ్ సగం తుంచి కూతురికిస్తూ. నాకూ ఒక ముక్క ఇవ్వబోయింది.

అప్పుడొక అమ్మాయి నల్ల మార్కర్ పెన్ను పట్టుకుని గుంపులో తిరుగుతూ వచ్చింది. ఆడవాళ్ళు అరచేయి చాపుతున్నారు. ఆ చేతి మీద ఒక సంవత్సరం రాస్తోంది. ఎవరికి ఏ ఏడు అలాంటిది జరిగిందో ఆ ఏడు. పేర్లు లేవు, వివరాలు లేవు. చేయెత్తితే అంకెలు కనబడతాయి. టీచరు రాయించుకోలేదు, తల ఊపి వద్దంది. పెన్ను అమ్మాయి ముందుకి కదలబోతుంటే కుర్చీలోని ముసలావిడ చేయి చాపింది.

రాసిన సంవత్సరం చూసి నేను లెక్కేశాను. ఆవిడకి అప్పటికి పదిహేడో పద్ధెనిమిదో ఉంటాయి.

"అమ్మా?" అంది కూతురు.

"అది వేరే సంగతి. ఈయన మంచివాడే" అంది ముసలావిడ. టోపీ మీది బ్యాడ్జీ సర్దుకుంది. రాసిన చేయి మాత్రం మూయలేదు, ఒళ్ళో తెరిచే పెట్టుకుంది. కూతురు ఆ కుర్చీ పక్కన నేల మీద కూర్చుండిపోయింది.

నేను వాళ్ళ వైపు నుంచి తిరిగేసరికి దీవెన చేయి చాపి ఉంది. పెన్ను అమ్మాయి రెండు అంకెలు రాసింది. ఏడేళ్ళ కిందటి సంవత్సరం.

బెంచీ

ఏడు డాలర్లు పోసి కొన్న హాట్‌డాగ్‌లు ఇద్దరం తినలేదు. పచ్చికలో ఒక బెంచీ మీద కూర్చున్నాం. ఉడత ఒకటి మా చుట్టూ తిరిగింది, అవి తనకే దక్కుతాయన్న నమ్మకంతో.

"రాజు అంకుల్" అంది దీవెన.

అప్పుడు రత్నరాజు గారు చర్చి గాయకబృందం నడిపేవారు. దీవెనకి పంతొమ్మిదేళ్ళు. పాటల ప్రాక్టీసు అయ్యాక పిల్లల్ని ఆయనే ఇళ్ళ దగ్గర దింపేవారు. ఆఖరున దిగేది దీవెన. ఒక శనివారం ఆయన కారు ఇంటికి కాక, మూసి ఉన్న స్కూలు వెనక పార్కింగులోకి తిప్పారు. తర్వాత ఏం జరిగిందో దీవెన నాకు చెప్పింది. అది నాకు చెప్పింది కాబట్టి ఇక్కడ రాయను. ఆమె తలుపు తీసుకుని దిగి నడిచి ఇంటికెళ్ళింది. "తప్పుగా అనుకోకు, నువ్వు నా కూతురి లాంటిదానివి" అన్నారట ఆయన, అద్దం దించి.

నేను విన్నాను. విని నేనన్న మొదటి మాట ఇది: "మరి ఇన్నేళ్ళు ఎందుకు ఊరుకున్నావమ్మా?"

అన్నాక నా మాట నాకే వినబడింది. సకినాలు పెట్టినాయన అడిగిందీ అదే.

"ఊరుకోలేదు పెద్దమ్మా. ఆ రోజే మమ్మీకి చెప్పా. మమ్మీ క్వయర్ మానిపించింది. ప్రొజెక్టర్‌కి మార్చింది. వెనక కూర్చుంటే అందరి తలలూ కనబడతాయి. ఆయనది కూడా. సెవెన్ ఇయర్స్ నుంచి ఆయన్ని అంకుల్ అనకుండా మేనేజ్ చేస్తున్నా. చాలా కష్టం తెలుసా? మన దగ్గర పేరు పెట్టి పిలవలేం కదా. 'హాయ్' అని ఆపేస్తా."

"ఇప్పుడేం చేస్తావ్?"

"సండే అయ్యగారు అడుగుతారు కదా, ఎనీ అబ్జెక్షన్ అని. చెప్తా. ఫస్ట్ టూ వీక్స్ చెయ్యి లేపలేకపోయా." అరచేతి వైపు చూసుకుంది. "మిమ్మల్ని ఏమీ చేయమనట్లేదు. మీరు ప్రోగ్రాంలో ఉన్నారు. నా తర్వాత మీరే. ముందే తెలియాలి కదా, అందుకే చెప్పా."

నాకు ఆ పదకొండు రోజులు గుర్తొచ్చాయి. మా వంటింట్లో ఆయన టీ కాచి నా చేతికిచ్చిన రోజులు. ఇది నిజం కాకూడదని గట్టిగా అనుకున్నాను. ఎంత గట్టిగా అనుకున్నా అది అబద్ధం అయ్యే దారి కనబడలేదు. ఇది చెప్పడం వల్ల ఆ పిల్లకి ఒరిగేదేమీ లేదు.

శనివారం ఇడ్లీలు

మర్నాడు పొద్దున్నే రత్నరాజు గారు ఇడ్లీలూ అల్లప్పచ్చడీ పట్టుకుని వచ్చారు. ఆయన భార్య చేసి పంపిందట. తెల్ల చొక్కా, చేతిలో ఆదివారం కార్యక్రమం అచ్చువేసిన కాగితం. అందులో ఆరో అంశం ప్రకటన, ఏడో అంశం నేను.

"చిన్నమ్మాయి ఏదీ?" అన్నారు.

"ఆఫీసు కాల్‌లో ఉందండీ" అంది మణి. శనివారం పొద్దున ఎనిమిదింటికి.

ఆయన కూర్చుని, మావారి గురించి నేనెప్పుడూ వినని సంగతి ఒకటి చెప్పారు. హాస్టల్లో పెరుగు చాలడం లేదని మావారు వార్డెన్‌కి అర్జీ రాశారట. నలభైమందితో సంతకాలు పెట్టించి, ఆఖరున తన సంతకం పెట్టడం మర్చిపోయారట. వార్డెన్ నలభైమందినీ పిలిచి తిట్టి, సంతకం లేని మావారిని మాత్రం బుద్ధిమంతుడని మెచ్చుకుని మెస్ సెక్రటరీని చేశాడట. "వాడు సెక్రటరీ అయినా పెరుగు మాత్రం పెరగలేదు వదినా!" అన్నారాయన. నేను ఆపుకోలేక నవ్వాను. నవ్వుతున్నందుకు సిగ్గు వేసింది. మావారు మళ్ళీ గదిలోకి వచ్చి వెళ్ళినట్టు ఉంది, ఆయన్ని తీసుకొచ్చింది ఈ మనిషి.

టీవీలో ఓటింగు గురించి చెబుతున్నారు. ఆయన అటు చూసి, "పాపం, ఒక మనిషి పేరుని ఇలా బజారులో పడేయాలా?" అన్నారు. మణి ఇడ్లీ గిన్నె మూత పెట్టింది. మూత పెట్టడానికి కావలసినదానికంటే ఎక్కువ చప్పుడైంది.

ఆయన వెళ్ళాక మణి నా దగ్గరికొచ్చింది. "నీకు చెప్పేసింది కదా."

"చెప్పింది."

"నేనేం చేయనక్కా అప్పుడు? మేం ఈ ఊరొచ్చి ఏడాది. మా ఆయనకి ప్రాజెక్టు లేదు. ఆదివారం ఒక్కపూట ఆ చర్చే మాకు ఊరు. ఇప్పుడు మాత్రం... ఆయన మారారేమో కదా. నువ్వు దానికి సర్దిచెప్పు. నీ మాట వింటుంది."

నేను సర్దిచెప్పలేదు. చెప్పనని కూడా అనలేదు.

సాయంత్రం ఓటు పూర్తయింది. న్యాయమూర్తి కొద్ది ఓట్ల తేడాతో గెలిచారు. మణి వాళ్ళ వీధిలో ఒకరు కారు హారన్ మూడుసార్లు కొట్టారు. ఎదురింటావిడ బయటికొచ్చి ఆ న్యాయమూర్తి వద్దంటూ పచ్చికలో పాతిన బోర్డు పీకి గరాజులో పెట్టుకుంది. వెళ్తూ హారన్ కొట్టినాయనకి చేయి ఊపింది. ఆయనా ఊపాడు.

"ఇద్దరికీ క్రిస్మస్‌కి నేను కేకు పంపిస్తాను" అంది మణి, కర్టెన్ లాగుతూ. ఆ వారం మొత్తం మీద దేశ రాజకీయాల గురించి మణి అన్న మాట అదొక్కటే.

ఆదివారం

షాంటిలీ తెలుగు చర్చికి సొంత భవనం లేదు. ఒక అమెరికన్ చర్చి హాలు మధ్యాహ్నం రెండింటి నుంచి అద్దెకి తీసుకుంటారు. పొద్దుటి వాళ్ళు వదిలివెళ్ళిన కాఫీ వాసన మీద మన బిర్యానీ వాసన వచ్చి కూర్చుంటుంది. ఆడవాళ్ళు ఎడమవైపు, మగవాళ్ళు కుడివైపు కూర్చోవాలన్న నియమం ఇక్కడ లేదు. అయినా అలాగే కూర్చున్నారు. నేనూ కొంగు తల మీద కప్పుకుని ఎడమవైపే కూర్చున్నాను.

ఆరో అంశం వచ్చింది. అయ్యగారు, నలభై దాటని మనిషి, పేరు చదివారు. "ఎవరికైనా అభ్యంతరం ఉంటే ఇప్పుడే తెలియజేయవచ్చు." కళ్ళజోడు సర్దుకోలేదు గాని, కాగితం తిప్పడం మొదలుపెట్టారు.

వెనక బల్ల దగ్గర దీవెన చెయ్యెత్తింది, బళ్ళో పిల్లలు ఎత్తినట్టు నిటారుగా.

అయ్యగారు చూశారు. "ప్రొజెక్టర్ సంగతి తర్వాత చూద్దామమ్మా" అన్నారు.

ఎవరో నవ్వారు కూడా.

"ప్రొజెక్టర్ కాదు అయ్యగారూ," అంది. "నాకు అభ్యంతరం ఉంది. ఈయన... రత్నరాజు గారు, నేను క్వయర్‌లో ఉన్నప్పుడు, కార్‌లో నాతో తప్పుగా బిహేవ్ చేశారు. ఈయన పెద్దగా ఉండకూడదు. అంతే. దట్స్ ఆల్."

అయ్యగారు తన చేతిలోని కాగితం వైపు చూశారు. తర్వాత ఏం చేయాలో అందులో రాసి లేదు. పాపం, ఎక్కడా రాసి ఉండదు. ఆయనకి కనబడిన తర్వాతి అక్షరాలు ఏడో అంశం. అలవాటు కొద్దీ నా పేరు చదివారు.

నేను లేచి వెళ్ళాను. ముందు వరసలోవాళ్ళ మొహాల్లో ఊరట కనబడింది. కాలిఫోర్నియా నుంచి వచ్చిన పెద్దావిడ, భర్త పోయిన మనిషి, ఇప్పుడు నాలుగు మంచి మాటలు చెప్పి దీన్ని సర్దేస్తుందని. రాసుకున్న కాగితం నా పర్సులోనే ఉండిపోయింది.

"మావారు పోయినప్పుడు రత్నరాజు గారు పదకొండు రోజులు నా దగ్గర ఉన్నారు" అన్నాను. "ఆయన లేకపోతే ఆ రోజులు ఎలా గడిచేవో నాకు తెలియదు. ఇది చెప్పడానికే వచ్చాను. ఇది నిజం." తలలు ఊగాయి. "శుక్రవారం దీవెన నాకు జరిగింది చెప్పింది. నేను నమ్మాను. ఇదీ నిజమే. అయ్యగారు ఒక ప్రశ్న అడిగారు. ఆ పిల్ల జవాబు చెప్పింది. ముందు అది వినండి. నా రెండు మాటలు తర్వాతైనా ఫరవాలేదు."

దిగి వస్తుంటే రత్నరాజు గారు "వదినా" అన్నారు. అంతే. ఆయన భార్య చేతిసంచి తీసుకుని లేచింది. ఆయనా లేచారు.

నియామకం ఈ రోజు జరగదని, సంఘం కూర్చుని మాట్లాడుతుందని అయ్యగారు చెప్పి, పాట ఎత్తుకున్నారు. తెర మీద చరణాలు రావాలి. వేయాల్సింది దీవెనే. వేసింది, రెండు చరణాలు ముందుకి. అందరూ ఆ తప్పు చరణమే పాడారు.

ప్రేమవిందులో బిర్యానీ ట్రేల ముందు వరస కదలలేదు. ముక్కలు ఎంచుకుంటున్నట్టు నటిస్తూ అందరూ మాట్లాడుకుంటున్నారు.

"చర్చిలోనా ఇలాంటివి?"

"మరెక్కడ చెప్పాలి? అడిగింది చర్చిలోనే కదా."

"అడగడం అంటే నిజంగా అడగడమా ఏంటి!"

ఒకావిడ గోంగూర వడ్డిస్తున్న మణి దగ్గరకొచ్చి గొంతు తగ్గించింది. "ఏంటి మణీ ఇది? ఏడేళ్ళు నోరు మెదపకుండా, ఇప్పుడా?"

మణి గరిటె ట్రేలో పెట్టింది. "అది ఆ రోజే చెప్పింది వదినా," అంది, అందరికీ వినబడేలా. "మెదపనిది నేను."

ఆ తర్వాత కంచంలో అన్నం పెట్టుకుని వచ్చి కూతురి పక్కన కూర్చుంది. దీవెన ఒక ముద్ద తిని, "ఉప్పు ఎక్కువైంది మమ్మీ" అంది. "తెలుసు, తిను" అంది మణి.

ఫ్రీమాంట్ వచ్చాక

తిరుగు విమానంలో నా పక్కన ఎవరూ లేరు. తెరల మీద కొత్త న్యాయమూర్తి ప్రమాణం చేస్తున్నారు. కొందరు చూశారు, ఎక్కువమంది నిద్రపోయారు.

వచ్చిన నాలుగో రోజు రత్నరాజు గారు ఫోన్ చేశారు. అరవలేదు. తాను చేయలేదని చెప్పారు. "వాడు ఉండుంటే నన్ను నమ్మేవాడు వదినా" అన్నారు. నమ్మేవారేమో. మావారు స్నేహితులని సులువుగా వదిలే మనిషి కాదు. నమ్మి ఉంటే మా ఇద్దరికీ గొడవ అయ్యేది. ఆ గొడవ కూడా నాకు దక్కలేదు. ఆయన కాలేజీ రోజులు తెలిసిన మనిషి రత్నరాజు గారొక్కరే మిగిలారు. పెరుగు అర్జీ లాంటివి ఆయన దగ్గర ఇంకా ఎన్ని ఉన్నాయో. ఇక నేను అడగను, ఆయన చెప్పరు.

తర్వాతి వారం అయ్యగారు ఉత్తరం పంపారు. సంఘం ముగ్గురితో ఒక కమిటీ వేసింది, ఇద్దరు ఆడవాళ్ళు. నాకు తెలిసింది రాసి పంపమన్నారు.

రెండు కాగితాలు రాశాను. మొదటి దాంట్లో ఆ పదకొండు రోజులు. ఆయన ఏ రోజు ఏం చేశారో, ఏదీ వదలకుండా. రెండో దాంట్లో బెంచీ మీద దీవెన చెప్పింది, చెప్పినంతవరకు. రాసేముందు ఆమెని అడిగి, ఏది రాయవచ్చందో అది. రాసి చదువుకున్నాక మొదటి కాగితం తీసేద్దామా అనిపించింది. రెండోది బలహీనపడుతుందేమోనని. ఆయన మొదటి కాగితంలోని మనిషి మాత్రమే అయితే ఎంత బాగుండేదో అని కూడా.

తీయలేదు. రెండింటి కిందా సంతకం పెట్టి, ఒకే కవరులో వేసి పంపాను.